శాంటా రీటా బీళ్ళలో నాలుగు రోజులు

మొదటి రోజు: టూసాన్, కాంటినెంటల్, ఫ్లొరీదా

పశువుల మేత బీడును కొలవడం నేర్పే శాంటా రీటా బీళ్ళకు వెళ్దామని అమెరికాలో, అరిజోనా రాష్ట్రపు టూసాన్‌లో దిగినవాళ్ళకు ముందుగా చెప్పాల్సింది తిండి సంగతి. ఊరికి దక్షిణం వైపు అడుగడుగునా మెక్సికన్ కొట్లే. బీన్స్ బురిటో అంటే శాకాహారమే కదా అని ధీమాగా ఉండకండి. ఆ బీన్స్‌ను చాలాచోట్ల పంది కొవ్వులో వేయిస్తారు, గోధుమ తోర్తియా పిండిలోనూ అదే కలుపుతారు. దాని పేరు మాంతేకా. 'మాంతేకా ఉందా?' అని అడిగితే చాలు, కౌంటర్లో ఉన్నావిడ ఏమీ విసుక్కోకుండా ఉన్నదున్నట్టు చెబుతుంది, లేనిది ఏదో చూపిస్తుంది. మాంసం తినేవాళ్ళకు ఇక్కడి ప్రత్యేకం కార్నె సేకా. గొడ్డు మాంసానికి నిమ్మరసం, వెల్లుల్లి పట్టించి ఎండబెట్టి, చీల్చి వేయిస్తారు. తెలంగాణ ఒట్టి తునకలు తిన్నవాళ్ళకు రుచి సగం తెలిసినట్టే. ఇద్దరికి 27 డాలర్లయింది, టిప్పు వేరే.

అక్కడి నుంచి నోగలెస్ దగ్గరి మెక్సికో సరిహద్దుకు పోయే ఐ-19 రోడ్డు మీద దూరాలు కిలోమీటర్లలో రాసి ఉంటాయి, వేగ పరిమితి మాత్రం మైళ్ళలో. ఎగ్జిట్ నంబర్లు సరిహద్దు నుంచి లెక్క. కాంటినెంటల్ ఎగ్జిట్ 63 అంటే సరిహద్దుకు 63 కిలోమీటర్లని అర్థం. అక్కడ దిగగానే భూగర్భ జలం తాగి పెరిగిన పెకాన్ తోటలు, చల్లని నీడ. తోట దాటి తూర్పుకు తిరిగితే చాలు, నీడ మాయం. ఎదురుగా శాంటా రీటా కొండలు, వాటి కాళ్ళ దగ్గర నుంచి కిందికి జారిన బీడు. వెతుక్కుంటూ వచ్చింది దీనికోసమే: శాంటా రీటా ఎక్స్‌పెరిమెంటల్ రేంజ్, అంటే మేత బీళ్ళ ప్రయోగ క్షేత్రం, దాదాపు 52,000 ఎకరాలు.

పట్టా మాట చెప్పాలంటే ఇది అరిజోనా రాష్ట్ర ట్రస్టు భూమి. పరిశోధనకు, చదువుకు నడిపే పెత్తనం 1988 నుంచి అరిజోనా విశ్వవిద్యాలయానిది. అంతకుముందు చాలాకాలం కేంద్ర అటవీ శాఖ చేతిలో ఉండేది. అసలు పుట్టుక ఇంకా వెనక. 1890ల మొదట్లో దక్షిణ అరిజోనాలో కరువొచ్చింది. అప్పటికే బీడు మోయలేనన్ని పశువులున్నాయి, మేత లేక మందలకు మందలే పోయాయి. నేల మళ్ళీ ఎలా తేరుకుంటుందో చూద్దామని 1903లో ఇక్కడ కంచె వేసి, పదేళ్ళకు పైగా పశువును రానివ్వలేదు. అప్పటి నుంచీ కొలతలు ఆగలేదు. దేశంలో ఇంత పాత ప్రయోగ క్షేత్రం బీళ్ళ శాస్త్రంలో ఇంకొకటి లేదు.

బస ఉన్న కేంద్రం పేరు ఫ్లొరీదా. స్పానిష్ పలుకుబడి అది. రాష్ట్రం పేరులా 'ఫ్లోరిడా' అని దారి అడిగితే ఎదుటివాళ్ళు ఒక క్షణం ఆగి చూస్తారు. మేము తారు రోడ్డునే నమ్ముకుని సూటిగా మడేరా లోయలోకి పోయాం. అక్కడ పక్షులు చూసేవాళ్ళు కార్లు ఆపుకుని, మెడలో బైనాక్యులర్లతో నిలబడ్డారు. వాళ్ళే వెనక్కి పంపారు. తారు వదిలి, బాక్స్ క్యానియన్ మట్టి రోడ్డు పట్టాలి. దారిలో అడ్డొచ్చేవి ఎండిన ఇసుక వంకలు. సీమవాళ్ళకు వేరే వివరించనక్కర్లేదు, ఇక్కడివీ అచ్చం అవే వంకలు. ఇసుక మెత్తగా ఉంటే టైర్లలో గాలి 35 నుంచి 20కి దించి, ఒకే వేగంతో, బ్రేకు తొక్కకుండా దాటాలి. మధ్యలో ఆగితే బండి కూరుకుపోతుంది. తారు రోడ్డెక్కేలోపు మళ్ళీ గాలి పట్టాలి కాబట్టి చిన్న కంప్రెసర్ లేనిదే ఈ పని పెట్టుకోవద్దు.

ఇక తీగ గేటు. నాలుగైదు కర్రలకు ముళ్ళతీగ కొట్టి, చివరి కర్రను కంచె స్తంభానికున్న రెండు తీగ ఉచ్చుల్లో ఇరికిస్తారు. తీసేటప్పుడు పై ఉచ్చు ముందు. వేసేటప్పుడు కర్ర అడుగును కింది ఉచ్చులో పెట్టి, స్తంభాన్ని భుజంతో కౌగిలించినట్టు లాగి, పై ఉచ్చు తగిలించాలి. చేతి బలంతో అయ్యే పని కాదు, ఒళ్ళంతా ఆనించాల్సిందే. తెరిచి ఉన్న గేటు తెరిచే వదలాలి, మూసి ఉన్నది మూసే వదలాలి. 'పాపం, ఎవరో మూయడం మరిచారు' అని మూసేస్తే అవతలి మందకు నీళ్ళ దారి తెగిపోవచ్చు.

రెండో రోజు: ఫోటో గుర్తులు

పొద్దున్నే పది డిగ్రీల చలి, మధ్యాహ్నానికి ముప్పై. ఈ బీడు కింది అంచు సుమారు 900 మీటర్ల ఎత్తు, పై అంచు 1,400. ఆ కాస్త ఎత్తుకే వాన దాదాపు రెట్టింపు: కింద ఏడాదికి 250 మిల్లీమీటర్లకు కొంచెం పైన, ఎగువన 450 దాటి. అందులో సగానికి మించి జులై నుంచి సెప్టెంబరు దాకా పడేదే. అక్టోబరు రెండో వారం ఎందుకు మంచిదంటే అప్పటికి గడ్డి కంకి వేసి ఉంటుంది. కంకి లేని గడ్డిని పోల్చుకోవడం ఆరితేరినవాళ్ళకూ కష్టమే.

ఇక్కడ పాఠం ఫోటోతో మొదలవుతుంది. 1902 నుంచి తీసిన ఫోటోలున్నాయి, వాటిని అవే చోట్ల నిలబడి పదే పదే మళ్ళీ తీశారు. పాత ఫోటో ప్రింటు చేతిలో పట్టుకుని అదే చోటు పట్టుకోవడం మొదటి అభ్యాసం. జీపీఎస్ నాలుగైదు మీటర్లు అటూ ఇటూ చూపిస్తుంది, దాన్ని నమ్మితే ఫోటో కలవదు. పద్ధతి ఇది. ఫోటోలో దగ్గరగా కనబడే కదలని వస్తువు ఒకటి, ఒక రాయి అనుకోండి, దాని వెనక కొండ శిఖరం మీద ఒక నొక్కు ఎంచుకోవాలి. రెండూ ఫోటోలో ఉన్నట్టే ఒకదాని వెనక ఒకటి పడేదాకా పక్కలకు జరగాలి. తర్వాత కెమెరా ఎత్తు సరిచేయాలి. రెండో జత రాయీ శిఖరమూ కలిస్తే ముందుకా వెనక్కా అన్నది తేలుతుంది. నెల, గంట కూడా ఒకటే అయితేనే నీడలు మోసం చేయవు. దొరికిన చోట ఇనుప కడ్డీ పాతి, పక్కన ఇంకోటి పాతుతారు. ఒకదాన్ని ఆవు తొక్కినా రెండోది మిగులుతుందని.

చోటు కుదిరాక తల ఎత్తి చూస్తే నోట మాట రాదు. ఫోటోలో కొండ దాకా పరుచుకున్న గడ్డి మైదానం. కళ్ళ ముందు చెట్లు, ఆ చెట్ల సందుల్లోంచి అదే కొండ. చెట్టు పేరు వెల్వెట్ మెస్కీట్. మన సర్కారు తుమ్మకు స్వయానా దగ్గరి చుట్టం, రెండూ ప్రోసోపిస్ ప్రజాతివే. ఆకు, ముల్లు, పసుపు కాయ చూసి మాతో నడుస్తున్న అనంతపురం విద్యార్థి "అన్నా, ఇది మన కంపే కదా!" అన్నాడు. కంపే. తేడా ఒక్కటే. ఇక్కడ అది సొంతూరు చెట్టు, వంకల ఒడ్డున ఉండేది బీడంతా పాకింది. మన దగ్గర అది వలస వచ్చింది. 1877లో జమైకా విత్తనాలతో కడప జిల్లా కమలాపురంలో నాటారు, వంటచెరకు కోసం.

ఎందుకు పాకిందన్న ప్రశ్నకు అందరూ మొదట చెప్పే జవాబు 'పశువులు'. అందులో కొంత నిజం లేకపోలేదు. తియ్యటి కాయ ఆవు తింటుంది, గట్టి పెంకున్న విత్తనం కడుపులో కాస్త మెత్తబడి పేడతో బయటపడుతుంది, పేడే ఎరువు. కంగారూ ఎలుకలు విత్తనాలు నేలలో దాచి మరిచిపోతాయి. గడ్డి తగ్గితే మంటలూ తగ్గుతాయి, పిల్ల మొక్కలు బతుకుతాయి. ఇదంతా విన్నాక విద్యార్థులను పాత కంచెల్లోకి తీసుకెళ్తారు. పశువు అడుగు పెట్టకుండా దశాబ్దాల తరబడి కట్టడి చేసిన ముక్కలవి. లోపలా మెస్కీటే. పశువు మేసినచోటా పెరిగింది, మేయని చోటా పెరిగింది. పశువును తీసేస్తే గడ్డి దానంతటదే వెనక్కి వస్తుందన్న మాట ఈ కంచె దగ్గర నిలబడి అనడం కష్టం. ఒక్కసారి వచ్చి చూసిపోయేవాడు తెచ్చుకునే తీర్పుకూ, నూరేళ్ళ రికార్డు ఇచ్చే తీర్పుకూ ఉన్న దూరం ఈ కంచె అంతే వెడల్పు.

కొట్టేస్తే పోతుందా? నేల మట్టానికి నరికితే ఒక్క కాండం పోయి పది వస్తాయి, ఎందుకంటే చిగురు కళ్ళు భూమి లోపల, వేరు మొదలు దగ్గర ఉంటాయి. అడుగు లోతున, ఆ కళ్ళ కింద తెగాలి. ఇక్కడ ఒకప్పుడు చెట్టు మొదలు దగ్గర డీజిలు పోసి చంపారు. ఆ పద్ధతిలో డీజిలు కాండానికి పూసినంత మాత్రాన చాలదు, నేలలోకి ఇంకి కళ్ళను తడపాలి. చెట్టు పోయాక గడ్డి బాగా లేస్తుంది, కానీ విత్తనాలు నేలలో కాచుకుని ఉంటాయి కాబట్టి ఇరవై ముప్పై ఏళ్ళలో పని మళ్ళీ మొదటికి వస్తుంది. వేర్ల సంగతి అడగకండి. 1960ల్లో టూసాన్ దగ్గర ఒక గని తవ్వకంలో 53 మీటర్ల లోతున మెస్కీట్ వేరు బయటపడింది.

మధ్యాహ్నం మట్టి గుంట. తడిపిన మట్టిని బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య నొక్కుతూ రిబ్బనులా బయటకు తోయాలి. రెండున్నర సెంటీమీటర్ల లోపే విరిగితే బంకమన్ను తక్కువ, అయిదు దాటినా నిలిస్తే గట్టి బంక. తప్పు ఎక్కువగా నీళ్ళ దగ్గరే జరుగుతుంది. మట్టి మెరిసేంత తడిస్తే రిబ్బను రాదు, చేతికి అంటుకుంటుంది. అడుగున తెల్లగా కనబడే సున్నపు పొర మీద పలచని ఆమ్లం ఒక చుక్క వేస్తే బుసబుస పొంగింది.

చోల్యా అనే ముళ్ళ కాక్టస్ కూడా ఈ రోజే పరిచయమైంది. తగిలీ తగలకముందే ముద్దగా ఊడి ప్యాంటుకు పట్టుకుంటుంది. చేత్తో లాగితే చేతికీ పడుతుంది. జేబులో పళ్ళ దువ్వెన పెట్టుకోండి, ముద్ద కింద దూర్చి ఒక్క విసురు. మిగిలిన ముళ్ళకు పట్టకారు.

మూడో రోజు: గడ్డి లెక్క

ఈ ప్రయాణంలో అసలైన రోజు ఇది. ప్రశ్న సులువుగానే వినిపిస్తుంది: ఈ బీట్లో ఎన్ని ఆవులను ఎన్నాళ్ళు మేపొచ్చు? దీనికి జవాబు కంటితో చెప్పేవాళ్ళు ఊరూరా ఉంటారు. ఇక్కడ చట్రంతో చెప్పిస్తారు.

చట్రం 40 సెంటీమీటర్ల చదరం. నడుస్తూ లెక్క ప్రకారం అడుగులేసి, బూటు ముందు ఎక్కడ పడితే అక్కడ దించాలి. 'ఇక్కడ ఏమీ లేదు, కొంచెం పక్కన పెడదాం' అన్నవాడి కొలత చెత్తబుట్టకే. ప్రతి చట్రంలో బరువును బట్టి మొదటి మూడు గడ్డి జాతులు రాసుకోవాలి. మొదటిదానికి 7, రెండోదానికి 2, మూడోదానికి 1. ఒకటే జాతి ఉంటే మొత్తం 10 దానికే. వంద చట్రాలు అయ్యేసరికి ఏ జాతి బీట్లో ఎంత వాటా అన్నది వస్తుంది. వంగి వంగి నడుము పట్టేస్తుంది, మనిషికి పాతిక చొప్పున పంచుకోవడం మేలు.

మొత్తం బరువుకు వేరే ఉపాయం. ముందుగా అయిదు నమూనా చట్రాలు నేల మీద స్థిరంగా పెడతారు: అతి తక్కువ గడ్డి ఉన్నది 1, బాగా దట్టమైనది 5, వాటికి సరిగ్గా సగంలో 3, మధ్యల్లో 2, 4. మిగతా చట్రాలకు వాటితో పోల్చి మార్కులు వేస్తారు. చివర్లో ఆ అయిదింటి గడ్డి మాత్రమే కోసి, సంచుల్లో పెట్టి, 60 డిగ్రీల వేడిలో రెండు రోజులు ఆరబెట్టి తూస్తారు. పచ్చి బరువుతో లెక్క కడితే నీళ్ళను కూడా మేతగా రాసుకున్నట్టే. నిరుటి బూడిదరంగు పుల్లలు ఏరి తీయకపోవడం ఇంకో తప్పు. చట్రం బయట వేరున్న గడ్డి లోపలికి వాలినా, బరువు తూకంలో లోపల పడ్డంత భాగం కలపాలి. జాతి ఉందా లేదా అన్న లెక్కకు మాత్రం వేరు లోపల ఉండాలి. ఈ రెండు నియమాలనూ కలిపేసుకుని గొడవపడని తరగతి ఉండదేమో.

ఒక చట్రంలో ఒక గ్రాము అంటే హెక్టారుకు 62.5 కిలోలు. సగటు 16 గ్రాములు వచ్చిందనుకుంటే 1,000 కిలోలు. 400 హెక్టార్ల బీడు, అంటే వెయ్యి ఎకరాలకు కొంచెం తక్కువ. కానీ మొత్తం లెక్కలోకి రాదు. నీటి తొట్టికి 3.2 కిలోమీటర్లు దాటిన 50 హెక్టార్లను వదిలేయాలి, ఆవు అంత దూరం పోదు. 1.6 నుంచి 3.2 మధ్య ఉన్న 100 హెక్టార్లను సగం చేయాలి. మిగిలింది 300. వాలు ఎక్కువైతే మళ్ళీ కోత. ఆ మూడు లక్షల కిలోల్లో 40 శాతం మాత్రమే పశువుకు, మిగతాది వేరుకు, నేలకు, జింకకు. 1,20,000 కిలోలు. 450 కిలోల ఆవు రోజుకు 12 కిలోల ఎండు మేత తింటుంది. అంటే 100 ఆవులకు 100 రోజులు.

లెక్క బాగా వచ్చిందని చేతులు దులుపుకునేలోపే మెలిక. చట్రాల్లో ఎక్కువ మార్కులు కొట్టేసింది లేమన్ లవ్‌గ్రాస్. దక్షిణాఫ్రికా నుంచి 1930ల్లో నేల కోతను ఆపడానికి తెచ్చారు, ఇప్పుడు దాన్ని ఆపేవాడు లేడు. వేసవి వానల్లో ఆవుకు స్థానిక గడ్డి ఉంటే లేమన్ ముట్టదు. అరిజోనా కాటన్‌టాప్, సైడోట్స్ గ్రామా ముందు ఖాళీ అవుతాయి. కాబట్టి సగటున 40 శాతమే మేసినట్టు కనబడినా, కాటన్‌టాప్ మొదలు దాకా కొరికేసి ఉండొచ్చు. అందుకే సగటు కాదు, ఎంచుకున్న జాతిని వంగి చూడాలి. అలా వంగినప్పుడే ఇంకో పాత చుట్టం కనబడింది. కంకులు మెలిపెట్టుకుని, గింజ ముల్లు బట్టలో గుచ్చుకుని తొలుచుకుంటూ పోయే గడ్డి, హెటెరోపోగన్ కంటార్టస్. మన కొండవాలుల్లో పంచెలకు పట్టేది ఇదే.

వంతులవారీ మేపు గురించి ఇక్కడ ఉన్నంత నిజాయితీగా వేరేచోట మాట్లాడరు. క్లార్క్ మార్టిన్ అనే శాస్త్రవేత్త మూడు బీళ్ళ పద్ధతి తయారుచేశారు: ఒక్కో బీడుకు 12 నెలలు విశ్రాంతి, నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా మేపు, మళ్ళీ 12 నెలలు విశ్రాంతి, మార్చి నుంచి అక్టోబరు దాకా మేపు. మూడేళ్ళకు చక్రం పూర్తి. దానికి శాంటా రీటా పేరే పెట్టారు. ఏళ్ళ తరబడి కొలిచాక, పశువుల సంఖ్య అదుపులో ఉంటే, ఏడాది పొడవునా మేపిన బీడుకూ దీనికీ పెద్ద తేడా లేదని ఆయనే సహరచయితగా 1988లో ప్రచురించారు. సొంత పద్ధతి మీద సొంత చేత్తో రాసిన ఆ ఫలితాన్ని విద్యార్థుల ముందు దాచరు. తేడా తెచ్చేవి వాన, పశువుల సంఖ్య. పద్ధతి పేరు తర్వాత.

సాయంత్రం నీటి తొట్టి. 100 ఆవులకు రోజుకు 60 లీటర్ల చొప్పున 6,000 లీటర్లు. సోలార్ మోటారు పక్కన 20,000 లీటర్ల ట్యాంకు ఉంటే మోటారు చెడ్డా మూడు రోజుల గడువు. అందుకే రెండు రోజులకోసారైనా చూడాలి. మోటారు కన్నా ఎక్కువగా చెడేది తొట్టిలోని తేలే బంతి వాల్వు. నాచు పట్టి ఇరుక్కుంటే రాత్రికి రాత్రి ట్యాంకు ఖాళీ, తొట్టి చుట్టూ బురద. తొట్టిలో ఒక మూల ఇనుప జల్లెడ వాలుగా దించి ఉంటుంది. పడిన పిట్ట, ఉడుత ఈదుకుంటూ గోడ వెంబడి తిరుగుతాయి కాబట్టి, ఆ జల్లెడ గోడకు ఆనుకునే ఉండాలి. మధ్యలో పెడితే దాని కిందుగా పోయి చస్తాయి.

అక్కడికే పికప్‌లో వచ్చిన పెద్దాయన స్టీరింగ్ మీద నుంచి రెండు వేళ్ళు ఎత్తాడు. ఇక్కడి నమస్కారం అంతే, తిరిగి రెండు వేళ్ళు ఎత్తాలి. మన దగ్గర జీతమెంత అని అడగడం మామూలే. ఇక్కడ రాంచ్ మనిషిని ఆవులెన్ని అని అడిగితే బ్యాంకు ఖాతాలో ఎంతుంది అన్నట్టు. వానల గురించి అడగండి, అరగంట చెబుతాడు. నీళ్ళకు వచ్చిన ఆవుల్లో రెండింటికి వేలాడే గంగడోలు, చిన్న మూపురం. అమెరికన్ బ్రాహ్మన్ రక్తం. ఆ జాతిని కూర్చినప్పుడు గిర్, గుజరాత్ పశువులతో పాటు ఒంగోలు పశువునూ కలిపారు, వీళ్ళ లెక్కల్లో దాని పేరు నెల్లూరు.

నాలుగో రోజు: టుమకాకొరి మీదుగా

తిరుగు ప్రయాణంలో ముందు దక్షిణానికి. టుమకాకొరి కొండల్లో అడవి మిరప చిల్టెపిన్ పెరుగుతుంది. మిరియం గింజంత కాయ, వేళ్ళతో నలిపి సూప్‌లో వేస్తారు. గుంటూరు నాలుక ఉన్నవాళ్ళు కూడా ఒక్కటితో మొదలెట్టండి. కారం చప్పున ఎక్కి చప్పున దిగుతుంది. చిన్న డబ్బీ 9 డాలర్లు. నలిపిన వేళ్ళతో కళ్ళు తుడుచుకోవద్దని షాపులో ఆమె రెండుసార్లు చెప్పింది.

ఉత్తరానికి వచ్చేటప్పుడు ఐ-19 మీద సరిహద్దు పోలీసుల తనిఖీ ఉంటుంది. వీసా మీద ఉన్నవాళ్ళు పాస్‌పోర్టు బస దగ్గర వదిలేసి రావద్దు. అద్దం దించి, అడిగినదానికి జవాబు చెబితే నిమిషంలో పంపేస్తారు.

టూసాన్ సంతలో మెస్కీట్ పిండి దొరికింది, అర కిలో కన్నా తక్కువ సంచి 18 డాలర్లు. కాయలను వానలు మొదలుకాక ముందే, జూన్ ఆఖరున, చెట్టు మీద నుంచే కోయాలట. తడిసినా, నేల మీద పడినా బూజు విషం పట్టే ప్రమాదం. కొరికి చూసి చేదుగా ఉన్న చెట్టును వదిలేస్తారు, చెట్టు చెట్టుకూ రుచి మారుతుంది. పిండికి బెల్లం, మాడిన చక్కెర కలిసిన వాసన. గ్లూటెన్ ఉండదు కాబట్టి గోధుమ పిండిలో నాలుగో వంతుకు మించి కలిపితే రొట్టె విరిగిపోతుంది. తీపి ఎక్కువ, పెనం సెగ తగ్గించకపోతే ఇట్టే మాడుతుంది. ఇంటికొచ్చాక మొదటి రెండూ మాడాయి, మూడోది బాగుంది, నెయ్యి రాసుకుంటే ఇంకా బాగుంది. కాయలు మాత్రం ఒక్కటీ సంచిలో వేసుకు రాలేదు.